గడియ బయట, రాజు లోపల

కుందవరం రాజు రంగనాథ భూపతికి ఏ మంచి పని చేసినా దానికో పందెం కట్టందే తోచదు. ఒంటరిగా బతకలేని వాళ్ల కోసం ఊరి చివర ఆదరణ గృహం కట్టించాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు.

"ఏడాదిపాటు ఆ ఇంటి గడప లోపల ఎవరికీ చిన్న దెబ్బైనా తగలకూడదు. అలా చూసుకుంటే అధికారి కాలికి గండపెండేరం తొడుగుతాను. అతని పద్ధతులే శాసనం చేస్తాను" అని నిండు సభలో ప్రకటించాడు.

ఆ ఇంటి అధికారి పేరు దండపాణి. మీసం దువ్వుకోవడంలో సగం రోజు, గొప్పలు చెప్పుకోవడంలో మిగతా సగం గడిపే మనిషి. పెండేరం మాట వినగానే పనిలోకి దిగాడు.

చెయ్యి కాలుతుందని పొయ్యి ఆర్పించి, అన్నం కోట నుంచి తెప్పించాడు. తొంగిచూసి పడతారని కిటికీలకు చెక్కలు కొట్టించాడు. కాళ్లకు అడ్డం పడతాయని చేతికర్రలన్నీ లాగేసుకున్నాడు. వీధిలోకి వెళ్తే ఏ రాయో తగులుతుందని తలుపుకు బయటివైపు గడియ పెట్టించి, ఓబన్నను కాపలా ఉంచాడు.

"ఎవరు లోపలికి వెళ్లినా వెనకాలే గడియ వెయ్యి. నేను బయట నిలబడి చెబితే తప్ప తియ్యకు."

ఓబన్నకు చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప వేరే విద్య రాదు.

ఏడాది నిండటానికి రెండు రోజులున్నాయనగా, ఆస్థాన విదూషకుడు కూచన దండపాణిని బయట నిలబెట్టి ఆ ఇంట్లోకి వెళ్లాడు. లోపల జనం గోడల వెంట కుదురుగా కూర్చుని ఉన్నారు. వాళ్లలో సూరమ్మకు పుట్టుకతో చూపు లేదు.

"ఏం సూరమ్మా, దెబ్బలేమైనా తగిలాయా?" అన్నాడు కూచన.

"కదిలితే కదయ్యా తగలడానికి!" అంది సూరమ్మ. "వెనక ప్రతి సోమవారం కర్ర పట్టుకుని పక్క వీధిలో మా అక్క ఇంటికి ఒక్కదాన్నే వెళ్లొచ్చేదాన్ని. ఇప్పుడు అక్క మంచం పట్టిందట. ఈయన పద్ధతులు శాసనమైతే ఇక దాన్ని చూసేది లేదు."

కూచన తలుపు తట్టి, దండపాణి చేత గడియ తీయించుకుని బయటికొచ్చాడు. నేరుగా అతని దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, నడుం పట్టేసింది. ఆ పారేసిన కర్రల్లోంచి సూరమ్మ కర్ర ఇప్పించరూ?"

"తీసుకో, తీసుకో. నా ఇంట్లో ఎవరికీ కర్రతో పనిలేదు!"

తర్వాత రాజు చెవిలో ఓ మాట వేశాడు. "ప్రభూ, పెండేరం ఆ ఇంట్లోనే తొడిగితే శోభగా ఉంటుంది. రాజుగారు గడప తొక్కేటప్పుడు సాంబ్రాణి ధూపం వెయ్యడం ఆనవాయితీ. అది నేను చూసుకుంటాను."

ఏడాది నిండే రోజు మధ్యాహ్నం రాజు, దండపాణి, కూచన లోపల అడుగుపెట్టారు. వెనకాలే గడియ పడింది. నాలుగు ధూపపు గిన్నెల్లో కూచన గుప్పిళ్లకొద్దీ సాంబ్రాణి పోశాడు. కిటికీలు మూసి ఉన్నాయాయె, పొగ ఎటు పోతుంది? క్షణాల్లో ఎవరి చెయ్యి వాళ్లకు కనిపించలేదు. రాజుగారికి ఒకటే దగ్గు.

దండపాణి తలుపు బాదాడు. "ఓబన్నా! తియ్యరా! నేనురా, దండపాణిని!"

"అయ్యగారు బయట నిలబడి చెబితేనే తియ్యాలండీ," అన్నాడు ఓబన్న.

"ఒరే, నేను రాజును!" అని రంకెవేశాడు భూపతి.

"మొన్న ఒకాయన ఇంద్రుణ్ణన్నాడండీ. ఆయనకే తియ్యలేదు."

అప్పుడు సూరమ్మ గొంతు వినిపించింది. "వంటింట్లో కట్టెలు తోసే చిన్న తలుపుంది ప్రభూ. దాని గడియ మన వైపే. పొయ్యి ఆర్పాక ఈయన అటు తొంగిచూడలేదు. బయట మెట్లు నిటారుగా ఉంటాయి. కర్ర లేకే ఇన్నాళ్లూ ఆగాను."

కూచన కర్ర ఆమె చేతికిచ్చాడు.

సూరమ్మ ముందు, ఆమె భుజం పట్టుకుని రాజు, అతని ఉత్తరీయం పట్టుకుని దండపాణి, ఆ వెనక ఇంటి జనమంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కదిలారు. ఎవరైనా వెనకబడ్డారేమోనని పిలుస్తూ చివర కూచన.

"ఇక్కడ వంగండి ప్రభూ," అంది సూరమ్మ.

రాజులకు వంగడం అలవాటుండదు. ఠప్పుమని ద్వారబంధం నుదుటికి తగిలింది.

అందరూ బయటపడి ముందువైపుకు వచ్చేసరికి ఓబన్న గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. రాజును చూసి వంగి దండం పెట్టాడు.

"సమయానికి వచ్చారు ప్రభూ! లోపల ఎవడో తమరి పేరు చెప్పి తలుపు తియ్యమని ఒకటే గోల!"

రాజు నవ్వాలో కోప్పడాలో తెలియక నుదురు తడుముకున్నాడు. దండపాణి మాత్రం గొంతు సవరించుకున్నాడు. "ఏమైనా ప్రభూ, ఏడాదిగా ఈ ఇంట్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. పెండేరం..."

కూచన రాజుగారి నుదుటి మీద బొప్పిని చూపించాడు.

"ఇదొక్కటే తగిలిందండీ. అదీ గడప లోపలే!"

రాజు పకపకా నవ్వాడు. ఇంటి జనం ఏడాదికి మొదటిసారి నవ్వారు. "ఇంత భద్రమైన ఇంట్లో చచ్చేవాణ్ణి కదయ్యా!" అంటూ భూపతి తన పట్టుశాలువా తీసి కూచన భుజాన కప్పాడు. పెండేరం సూరమ్మ చేతిలో పెట్టాడు.

"ముందు ఆ గడియ లోపలికి మార్పించండి ప్రభూ. కర్రలన్నీ ఎవరివి వాళ్లకు ఇప్పించండి," అంది సూరమ్మ.

"ఈ పూటే! మరి పెండేరం?"

సూరమ్మ దాన్ని తడిమి చూసి కర్రకు తొడిగింది. నేలకేసి కొడితే ఘల్లుమంది.

"ఇవాళ సోమవారం. నేను వస్తున్నానని మా అక్కకు వీధి మొదట్లోనే వినపడాలి," అని నవ్వుతూ పక్క వీధికి దారితీసింది.