మెట్ల మలుపులో నిచ్చెన

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్లాను తెచ్చి చేతికిస్తే దాన్ని వెంటనే విప్పరు. చుట్టినది చుట్టినట్టే ఒళ్లో పెట్టుకుని, తెచ్చినవాడి మొహం చూస్తూ కూర్చుంటారు. కాగితం ఎక్కడికీ పోదు, ముందు మనిషి చెప్పేది వినాలి అంటారు. ఆయన ముప్పై ఏళ్లు సర్కారు ఇళ్లు కట్టించే శాఖలో ఇంజనీరుగా చేసి, ఆ తరువాత పదేళ్లు మాలాంటివాళ్లకు పాఠాలు చెప్పి, ఇప్పుడు విశాఖపట్నంలో సముద్రం కనబడని ఒక వీధిలో ఉంటున్నారు. ఆదివారం పొద్దున్న పాత శిష్యులం నలుగురైదుగురం అక్కడ చేరతాం. మేం వచ్చేది చదువు కోసం కాదు, వాళ్లావిడ ఇచ్చే కాఫీ కోసమని మాస్టారి అనుమానం. అది పూర్తిగా అబద్ధమని నేనూ చెప్పలేను.

మొన్నొక ఆదివారం సుధీంద్ర వచ్చాడు. మా అందరిలోకీ తెలివైనవాడు, ఆ సంగతి మాకంటే వాడికే బాగా తెలుసు. ఒక చేతిలో ప్లాను చుట్ట, రెండో చేతిలో ఆహ్వాన పత్రికలు. నాలుగు మూలలా పసుపు పూసిన పత్రికలు. ఊరి చివర ఒక పాత కాలనీని బాగుచేసే పని వాడి చేతిలో పడింది. ఆ కాలనీ పేరు చెబితే ఆటోవాళ్లు రారు, అక్కడి పిల్లలు కాలేజీలో తమ చిరునామా మార్చి చెబుతారు. అటువంటి చోట గోడలకు కొత్త సున్నం, మేడమీద సోలారు పలకలు, వాననీటికి గుంతలు, అన్నీ గీశాడు వాడు. పత్రిక మాస్టారి చేతికిచ్చి, ప్లాను ఒళ్లో పెట్టి, పాదాలకు దండం పెట్టి కూర్చున్నాడు.

"వచ్చే గురువారం శంకుస్థాపన మాస్టారూ. మీరు తప్పక రావాలి" అన్నాడు.

"సంతోషం. మరి మొహం అలా ఉందేం?" అన్నారు మాస్టారు.

అప్పుడు అడిగాడు వాడు అసలు ప్రశ్న. "నాలుగు సభలు పెట్టాను. పద్ధతిగా కొబ్బరికాయ కొట్టి, పెద్దల్ని వేదిక మీద కూర్చోబెట్టి, ప్లాను తెరమీద చూపించాను. ఒక్కరు కాదనలేదు. అందరూ అలాగే బాబూ, అలాగే బాబూ అన్నారు. ఇప్పుడు 'నివాసులందరి సమ్మతితో' అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టబోతే చెయ్యి ఆగిపోయింది. జనం నిజంగా ఒప్పుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

మేం ఎవరికి తోచిన సలహా వాళ్లం చెప్పాం. ఒకడు ఓటు పెట్టమన్నాడు. నేను ఇంటింటికీ ప్రశ్నల కాగితం పంచమన్నాను. నాకు అదే గొప్ప ఆలోచన అనిపించింది. మాస్టారు మా ఇద్దరి మాటలూ ఓపిగ్గా విని, కాఫీ గ్లాసు కింద పెట్టి, తన ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. హైవే దాటాక, గెడ్డ అని పిలిచే వాగు పక్కన, నవోదయ కాలనీ అని ఒకటి ఉండేది. పద్నాలుగు బ్లాకులు, ఒక్కో బ్లాకు కిందది కాక మూడంతస్తులు. ఊరి మధ్యలోని గుడిసెలు తీసేసి, ఆ జనాన్ని తీసుకొచ్చి అందులో పెట్టారు. పేరు ఎంత ముచ్చటగా పెడితేనేం, ఊళ్లో అందరూ దాన్ని కన్నాల కాలనీ అనేవారు. బస్సులో పోతుంటే ఎవరికైనా కనబడేది కారణం. ప్రతి బ్లాకుకీ మెట్లు మలుపు తిరిగేచోట బయటి గోడ పగిలి ఉండేది. గాలి కోసం అక్కడ బిగించిన ఇనుప జాలీ కూడా ఉండేది కాదు. జాలీ పీకి అమ్ముకున్నారని, ఇల్లిచ్చినా నిలబెట్టుకోలేని మనుషులని బస్సులోవాళ్లు చెప్పుకునేవారు. మాస్టారు ఒక అడుగు ముందుకేసి దాన్ని కాగితం మీద పెట్టారు. "నివాసులే గోడలు పగలగొట్టి చువ్వలు అమ్ముకుంటున్నారు. ఇటువంటివారికి మరమ్మతు చేసి ప్రయోజనం ఉంటుందా అన్నది ఆలోచించవలసిన విషయం" అని నివేదికలో రాశారు. ఆ వాక్యం రాసినప్పుడు తన తెలుగుకి తనే మురిసిపోయానని మాస్టారు మాతో నవ్వకుండా చెప్పారు.

పైవాళ్లు ఆ వాక్యాన్నే పట్టుకున్నారు. ఈసారి మరమ్మతు చేసి చూడండి, మళ్లీ పగలగొడితే బ్లాకులు కూల్చేసి జనాన్ని ఇంకా దూరంగా పంపిద్దాం అని ఉత్తర్వు వచ్చింది. మాస్టారు సభలు పెట్టారు. ఆయనవీ నాలుగే. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, వచ్చిన ఆడవాళ్లందరికీ పసుపు కుంకాలు పంచి, కన్నాలు మూసేసి బ్లాకులన్నీ కొత్తవిగా చేస్తామని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ వారమే మూడో బ్లాకులో కన్నాలన్నీ ఇటుక పెట్టి మూశారు. పది రోజులైనా కాలేదు, మూడో అంతస్తు కింది మలుపులోది మళ్లీ పగిలింది. దాన్ని మళ్లీ మూయించి, ఆయన ఏడో బ్లాకుకి వెళ్లారు. మంచి కోపంమీద ఉన్నారు.

ఏడో బ్లాకులో పైనుంచి మొదటి మలుపు దగ్గర, కన్నానికి అడ్డంగా ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు దాలమ్మ. మూడో అంతస్తులో ఆవిడ ఇల్లు. తాపీమేస్త్రీ పోలయ్య ఇటుకలు పక్కన పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక బీడీ కాలుస్తున్నాడు.

"లేమ్మా, పని ఆగిపోతోంది" అన్నారు మాస్టారు.

"ఇదొక్కటీ మూసీకండి బాబూ. ఓ పది రోజులాగండి" అంది దాలమ్మ.

"పది రోజులాగితే ఏమవుతుంది?"

ఆవిడ మెట్లపైన తెరిచి ఉన్న తన ఇంటి తలుపు వైపు చూసింది. లోపల మంచంమీద ఆవిడ భర్త అసిరయ్య పడుకుని ఉన్నాడు. రెండు నెలలుగా లేవడం లేదని, ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని పోలయ్య మెల్లగా చెప్పాడు. జబ్బు మనిషికి గాలి కావాలి కాబోలు అనుకున్నారు మాస్టారు. ఫ్యాను ఏర్పాటు చేయిస్తానన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందట ఆయనకి.

దాలమ్మ లేచి నిలబడింది. పోలయ్య వెదురు నిచ్చెన పై వరండాలో గోడకు ఆనించి ఉంది. "బాబూ, మీరిద్దరూ ఈ నిచ్చెన ఓపాలి కిందకి దించి సూపించండి. నిలబెట్టకుండా దించాల" అంది.

ముసలావిడతో వాదించడం కంటే నిచ్చెన మోయడం తేలికనిపించింది మాస్టారికి. ముందు పోలయ్య, వెనక ఆయన పట్టుకున్నారు. పై గుమ్మం నుంచి మలుపు దాకా తిన్నగా దిగింది. మలుపులో ఆగిపోయింది. ఇటు తిప్పితే అటు కొస గోడకు కొట్టుకుంది, అటు తిప్పితే ఇటు కొస. సర్కారువారు మెట్లకిచ్చిన వెడల్పు అంతే. ఆయన చెమట తుడుచుకుని, "ఎందుకమ్మా ఈ తిప్పలు? తెచ్చినప్పుడు నిలబెట్టే తెచ్చాం. నిలబెట్టి దించుతాం" అన్నారు.

"నిచ్చెనైతే నిలబెట్టొచ్చు బాబూ" అంది దాలమ్మ.

మాస్టారి చేతుల్లో నిచ్చెన ఉంది. రెండు పొడుగాటి వెదురు బొంగులు, మధ్యలో అడ్డకర్రలు. దానిమీద గడ్డి పరిచి, తెల్లగుడ్డ కప్పితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది ఆయనకు. ఎదురుగా ఆ కన్నం. నిలబడ్డ మనిషి పొడుగు లేదు, పడుకున్న మనిషి వెడల్పు ఉంది. మెట్లమీంచి తిన్నగా వస్తే, ఎక్కడా మలుపు తిరగకుండా, తిన్నగా బయటికి పోవచ్చు, అక్కణ్ణించి తాళ్లతో నేలకు దించొచ్చు. కన్నానికి పైన గోడలో రెండు ఇనుప చువ్వలు కొక్కేల్లా వంచి పాతి ఉన్నాయి. తాళ్లు ఒరుసుకుని అవి నున్నగా మెరుస్తున్నాయి. అమ్ముకున్నారని ఆయన రాసిన చువ్వలు అవే.

దాలమ్మ అప్పుడు చెప్పింది. "మేం ఈడకొచ్చిన మొదటేడు ఆ పక్కింటి సింవాచలం సచ్చిపోనాడు. ఈ మెట్లంట పాడె దిగనేదు. దుప్పట్లో ఏసి మూటలాగ దించినారు. మలుపు మలుపుకీ కాళ్లు మడిసినారు. ఆడి తల్లి కిందన నిలబడి సూసింది బాబూ. మర్నాడే మా మగోళ్లు గోడకి సుత్తులెట్టినారు. అప్పట్నుంచి మావోళ్లు ఎవులు పోనా సొంత గుమ్మంలోంచి పాడె మీదే ఎల్తన్నారు. ఈ మనిసి నలభయ్యేళ్లు ఊరందరికీ మేడలు కట్టినాడు. ఈయన్ని మూటగడితే నాను సూడనేను."

మాస్టారు తన చేతిలోని కొసని మెట్టుమీద ఆనించారు. అయినా ఆ వయసు అహంకారం ఒకటి ఉంటుంది కదా, అది ఊరుకోలేదు. "నాలుగు సభలు పెట్టాను కదమ్మా. ఒక్కరైనా ఈ మాట చెప్పలేదేం?" అన్నారు.

దాలమ్మ ఆయన్ని వింతగా చూసింది. ఇంత చదువుకున్నవాడికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "కొబ్బరికాయ కొట్టినారు. పసుపు కుంకం ఎట్టినారు. సుబమా అని మొదలెట్టిన కాడ పాడె మాట ఎవులెత్తుతారు బాబూ?"

నిచ్చెన అలాగే మెట్లకు అడ్డంగా ఉంది. పోలయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. మాస్టారు ఆ మెట్టుమీదే కూర్చున్నారు. "మూయనమ్మా. అలాగని కన్నంలా వదలను. ఇక్కడ ఏం పెడితే బాగుంటుందో మీరే చెప్పండి" అన్నారు.

ఆవిడ నోరు తెరవకముందే ఇంట్లోంచి అసిరయ్య గొంతు వినబడింది. సన్నగానే ఉంది కాని స్పష్టంగా ఉంది. "ఒలే, తలుపెట్టమను. రెండు రెక్కల తలుపు. నీలం రంగెయ్యమను."

తరువాత మాస్టారు సభలు పెట్టలేదు. మధ్యాహ్నం పూట ఒక్కో బ్లాకుకి వెళ్లి మెట్లమీద కూర్చునేవారు. పైకెళ్లేవాళ్లు, దిగేవాళ్లు ఆయన్ని దాటుకుంటూ వెళ్లాలి కనుక ఏదో ఒకటి మాట్లాడక తప్పేది కాదు. మొదటి రెండు రోజులూ పలకరింపులే. మూడో రోజు తిట్లు మొదలయ్యాయి. పని అప్పుడు సాగిందన్నారు మాస్టారు. ఊళ్లో కొత్త మేడల్లో సగం కట్టిన తాపీవాళ్లు, సెంట్రింగువాళ్లు ఆ కాలనీలోనే ఉన్నారు. తమ ఇంటి గురించి వాళ్లను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మలుపు దగ్గర గోడ ఎంత కోయాలో, పైన దూలం ఎలా వెయ్యాలో, గిలక ఎక్కడ కడితే తాడు ఒరుసుకోదో వాళ్లే తేల్చారు. గజం మేర బయటికి చిన్న వసారా, దానికి రెండు రెక్కల తలుపు. మాస్టారు తనవంతుగా చేసింది దూలంలో చువ్వ మందం లెక్క కట్టడమే. ఇంకొకటి కూడా చేశారు. పాత నివేదికలో తన వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేసి, కారణం పక్కన రాసి, పైకి పంపించారు. ఉద్యోగంలో తను రాసినవాటిలో అదొక్కటే చదవదగ్గదని ఆయన అభిప్రాయం.

బ్లాకులు కూలలేదు. మెట్లలోకి వెలుతురూ గాలీ వచ్చి, ఏళ్ల తరబడి పట్టిన చెమ్మ ఒక్క వేసవిలో ఆరిపోయింది. గిలకమీద బియ్యం బస్తాలెక్కాయి, గ్యాసు బండలెక్కాయి, కొత్త కోడలి బీరువా ఒకటి ఊరేగింపుగా ఎక్కింది. గెడ్డ పొంగినప్పుడు కింది ఇళ్లలోకి నీళ్లు రావడం మాత్రం చాలా ఏళ్ల దాకా ఆగలేదు. అది తన చేతకాలేదని మాస్టారు ఒప్పుకున్నారు. కాని ఏ బ్లాకు గిలకకి ఆ బ్లాకువాళ్లే నెలనెలా నూనె వేస్తారు, రెండేళ్లకోసారి తలుపులకి రంగు వేస్తారు. ఇప్పటికీ ఒక్క రెక్క ఊడలేదు. ఆటోవాళ్లు దాన్ని నీలం తలుపుల కాలనీ అంటున్నారట, పిలిస్తే వస్తున్నారట.

"అసిరయ్య?" అని నేను అడిగాను.

"పది రోజులన్నవాడు ఏడాది బతికాడు. తలుపులు బిగించేటప్పుడు వాటికి వంక పెట్టడానికే బతికాడని దాలమ్మ అనేది. ఆషాఢంలో, వానలో వెళ్లిపోయాడు. గుమ్మంలోంచి తిన్నగా, ఎక్కడా ఒంగకుండా వెళ్లాడు. పైనుంచి నాలుగు తాళ్లు పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఏడ్చాను. బాగా ఏడ్చాను" అన్నారు మాస్టారు.

నా ప్రశ్నల కాగితం ఊసు నేను మళ్లీ ఎత్తలేదు. సుధీంద్ర తల దించుకుని గచ్చుమీద వేలితో ఏదో గీస్తున్నాడు. చివరికి తలెత్తి, "అయితే మాస్టారూ, సంతకం పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

మాస్టారు ఒళ్లో ఉన్న ప్లాను చుట్ట విప్పకుండానే వాడికి తిరిగిచ్చారు. ఆహ్వాన పత్రిక మాత్రం చేతిలోకి తీసుకుని, ఒక మూలని బొటనవేలితో నెమ్మదిగా రుద్ది, వేలికంటిన పసుపుని కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు.

"ఇది కాస్త తొందరపడి పూశావేమో, నాయనా" అన్నారు.