మూడు తుమ్ముల కోడలు

అనగనగా, అదిగో ఆ కొండల అవతల, కోడి కూతకన్నా ముందు తుపాకీ మోతకి లేచే ఊరొకటుండేది. చేలమీద అడవిపందులు పడుతున్నాయని ఆ దేశపు రాజు ఇంటికో తుపాకీ పంచిపెట్టాడు. పందులు పారిపోయాయి. తుపాకులు మాత్రం ఉండిపోయాయి. చేతిలో తుపాకీ ఉన్నాక చెయ్యి ఊరుకుంటుందా? మేక మిరపచెట్టు కొరికిందని ఢాం! అరుగుమీద ఉమ్మావని ఢాం! నన్ను చూసి మీసం దువ్వావని ఢాం! ఊఁ కొడుతున్నారా, నిద్రపోయారా? ఆఁ, అలా కొట్టండి.

రాజుకి ఒళ్ళు మండింది. తుపాకీతో మనిషిని చంపినవాడికి ఉరే అని చాటింపు వేయించాడు. ఏం లాభం? కోపమొచ్చినవాడికి ఉరితాడు గుర్తొచ్చేది పేల్చాకే. పోయినవాడు పోయె, పేల్చినవాడు ఉరికి పోయె, రెండిళ్ళ పిల్లలూ దిక్కులు చూస్తూ మిగిలిపోయె.

ఆ ఊళ్ళో సింగినాయుడని మహా కోపిష్ఠి. ఆయన కోడలు నూకాలు కాపురానికొచ్చి నెలైనా కాలేదు. ఒకరోజు పొద్దున్నే పక్కింటి గవరయ్య ఆవు దడి దూరి వచ్చి, సింగినాయుడి ఆనపపాదు నమిలిపారేసింది. పిందెలతో సహా! ఇవాళ ఆ గవరయ్యైనా ఉండాలి, నేనైనా ఉండాలి అంటూ సింగినాయుడు గోడమీది తుపాకీ దించాడు.

వంటింటి గుమ్మంలోంచి నూకాలు ఇదంతా చూసింది. గవరయ్య పోతే మామగారికి ఉరి. రెండు పొయ్యిలు ఆరిపోతాయి. అడ్డం నిలబడి వద్దందామా అంటే కొత్తకోడలు! అత్తగారే ఆయన ముందు గట్టిగా మాట్లాడదు. కానీ నూకాలు ఒకటి కనిపెట్టింది. ఎంత తొందర పనైనా సరే, గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే మామగారు అడుగు ముందుకెయ్యడు. చటుక్కున ఇంత కారం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

హాచ్!

ఆగిపోయాడు. తిట్టుకుంటూ వెనక్కొచ్చి, తుపాకీ దించి, కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచాడు. హాచ్! మళ్ళీ తుపాకీ దించె, కాళ్ళు కడిగె, పీట వాల్చె, నీళ్ళు తాగె. లేచె. హాచ్! మళ్ళీ దించె, కడిగె, వాల్చె, తాగె. పాపం కడుపు కుండైపోయింది! నడిస్తే లోపల బుడుంగు బుడుంగుమంటోంది.

ఈసారి కారం కాస్త ఎక్కువైంది. హాచ్! హాచ్! రెండు! రెండు తుమ్ములు శుభం కదర్రా! సింగినాయుడి మొహం వెలిగిపోయింది. చెంగున కాలెత్తాడు. నూకాలుకి ప్రాణం పోయినంత పనైంది. ఉన్న కారమంతా పీల్చేసింది.

హా... హా... హాచ్!

మూడు! ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. మూడు తుమ్ములు శుభమా, అశుభమా? భార్యనడిగితే నాకేం తెలుసంది. తుమ్ముల సంగతీ బల్లిపాటు సంగతీ తెలిసినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఎవరనుకున్నారు? గవరయ్యే!

అడిగి రావడానికి తుమ్ము అడ్డమేమిటనుకుని, సింగినాయుడు తుపాకీ భుజానేసుకుని వెళ్ళి గవరయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"ఒరే గవరయ్యా, మూడు తుమ్ములొస్తే మంచిదా, చెడ్డదా?"

"ఏ పనిమీద బయల్దేరావు బావా?"

"నిన్ను కాల్చిపారేద్దామని."

గవరయ్య వేళ్ళు మడిచి ఏదో లెక్కకట్టినట్టు నటించాడు. "నీ సంగతేమోగానీ బావా, నాకు మాత్రం బొత్తిగా మంచిది కాదు," అన్నాడు.

తిడదామని సింగినాయుడు నోరు తెరిస్తే నవ్వొచ్చింది. కడుపులో నీళ్ళు బుడుంగుమనేసరికి ఇంకా నవ్వొచ్చింది. అంత నవ్వుతూ తుపాకీ గురిపెట్టడం ఎవరి తరం? దాన్నక్కడ పారేసి అరుగుమీద కూలబడ్డాడు. భయం తీరిన గవరయ్య ఏడుస్తూ నవ్వాడు. పాదు మళ్ళీ కాపుకొచ్చేదాకా ఆ ఆవు పాలు రోజూ చెంబెడు సింగినాయుడింటికి పంపాలని అక్కడికక్కడే తీర్పైపోయింది.

ఈ మాట రాజుదాకా వెళ్ళింది. ఆయన నూకాలుని పిలిపించి, నేను ఉరితో ఆపలేనిది నువ్వు తుమ్ముతో ఎలా ఆపావమ్మా అని అడిగాడు.

"తమరి ఉరి తుపాకీ పేలాక వస్తుంది ప్రభూ. నా తుమ్ము గడప దగ్గరే వచ్చింది," అంది నూకాలు, ఇంకా ముక్కు తుడుచుకుంటూ.

రాజు ఆ పూటే తుపాకులన్నీ తెప్పించి కమ్మరి కొలిమికి పంపాడు. వాటి గొట్టాలు కోయించి ఇంటింటికీ ఊదుగొట్టాలు పంచాడు. నూకాలు తన వంతు గొట్టంతో ఉఫ్ ఉఫ్‌మని పొయ్యి రాజేసి రెండిళ్ళకీ పాయసం వండింది. అందుకే, కోపమొచ్చినప్పుడు ముందు కాసేపు కూర్చోవాలర్రా. లేవడం తర్వాత చూసుకోవచ్చు.

ఇదిగో, కథని కంచి బండెక్కించేశాను. ఇక మీరు దుప్పట్లో దూరండి.