ముగ్గుగిన్నె పట్టిన గుమ్మడికాయలు

పడుకున్నారా అందరూ? హైమా, ఆ దుప్పటంతా నువ్వే లాక్కోకు, చెల్లికీ కాస్త వదులు. ఆఁ, ఇక వినండి. అనగనగా ఒక ఊరు, దాని పేరు తీగలపాడు. పేరుకు తగ్గట్టు ఎటు చూసినా గుమ్మడితీగే. పెంకు కనపడదు, గోడ కనపడదు, అరుగు మీద కూచున్న ముసలాయన వీపు కూడా కనపడదు, దాని మీదా తీగే! నవ్వకండి, నిజం. ఆ ఊరి గుమ్మడికాయ దప్పళం లేందే రాజుగారికి ముద్ద దిగేది కాదుట.

అలాంటి ఊళ్ళో ఒక ఏడాది పువ్వులు పూసినవి పూసినట్టే రాలిపోయాయి. ఒక్క పిందె నిలవలేదు. సరిగ్గా ఆ ఏడే పేరిందేవమ్మగారింటికి కొత్తకోడలు వచ్చింది. దాని పేరు చిలకమ్మ, అడవి పక్క ఊరి పిల్ల. ఇంకేముంది! ఇది కాలు పెట్టింది, పిందె కన్ను మూసింది అని అత్తగారు ఇల్లిల్లూ తిరిగి చాటింది. చిలకమ్మకు మనసు చివుక్కుమంది. ఈ ఊళ్ళో ఏదో లోటుందని దానికి తోస్తూనే ఉంది గానీ, అదేమిటో అంతుపట్టడం లేదు.

ఊ కొట్టండర్రా, గోడకు చెబుతున్నట్టుంది!

రాజుగారు దప్పళం లేక చిక్కి సగమయ్యాడు. తీగలపాడును శాస్త్రప్రకారం పరీక్షించి రమ్మని ఏడుగురు పండితుల్ని పంపాడు. శాస్త్రమంటే మాటలా? ముందు ఊరి చుట్టూ సున్నంతో గీత గీశారు. ఆజ్ఞలో తీగలపాడు అని ఉంది గనక గీత దాటి ఒక్క అడుగు కూడా వెయ్యం అన్నారు. ఒకాయన మట్టి తూచాడు. ఒకాయన నీళ్ళు రుచి చూశాడు. ఒకాయన గాలిని పడతానని సంచి పట్టుకుని పరిగెత్తి పేడకుప్పలో పడ్డాడు. ఇంకొకాయన గేదెను నాలుక చాపమన్నాడు. అది బుద్ధిగా చాపి, ఆయన తలపాగా తినేసింది!

మూడు బళ్ళ తాటాకులు రాసి చివరికి ఏం తేల్చారూ? గీత లోపల మట్టి పాతదే, నీళ్ళు పాతవే, గేదె పాతదే. ఈ ఏడు కొత్తగా వచ్చింది పేరిందేవమ్మగారి కోడలొక్కతే. కాబట్టి దోషం కోడలిదే! శాస్త్రమే చెప్పాక ఇంకేం కావాలి? పొద్దున్నే దాన్ని పుట్టింటికి పంపేస్తాను, బండి కట్టమంది అత్తగారు. మొగుడు వీరేశం అమ్మ ముందు పిల్లి, తలూపి బండి చూడబోయాడు. చిలకమ్మకు ఏడుపాగలేదు. మనసుపడి వచ్చిన ఇల్లమ్మా అది, వదిలి ఎలా పోతుంది?

తెల్లవారింది. బండి సిద్ధంగా ఉంది. ఆఖరిసారి ముగ్గు పెట్టి పోతానని చిలకమ్మ గిన్నె పట్టుకుని వాకిట్లో కూచుంది. పక్కన గుమ్మడిపువ్వులు విచ్చుకుంటున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు తట్టింది దానికి! పుట్టింట్లో ఈ పువ్వు విచ్చుకునే వేళకు తేనెటీగల జుమ్ముజుమ్ముకు పక్కమనిషి మాట వినపడేది కాదు. ఇక్కడ ఒక్క ఈగా లేదు. ఈగ రాకపోతే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు ఎవరు మోస్తారు? పిందె ఎలా నిలుస్తుంది?

పరిగెత్తుకెళ్ళి పండితులకు చెప్పింది. గీత లోపల లేని ఈగల్ని మేమెలా పరీక్షిస్తాం అన్నారు వాళ్ళు. బయటికొచ్చి చూడమంటే, అమ్మో, రాజాజ్ఞ అన్నారు. చిలకమ్మ గీతకేసి చూసింది. చేతిలో ముగ్గుగిన్నెకేసి చూసింది. కిసుక్కున నవ్వింది. సున్నపుగీతను ఒకచోట కాలితో చెరిపి, అక్కణ్ణుంచి రెండు ముగ్గుగీతలు తూర్పుకు లాగింది.

"రండి స్వామీ, ఇప్పుడూ గీత లోపలే ఉన్నారు!" అంది.

పండితులు వంగి చూశారు. గీత గీతే, తప్పు పట్టడానికి లేదు. ముందు చిలకమ్మ, వెనక పండితులు, వాళ్ళ వెనక అత్తగారు, ఆ వెనక వీరేశం బండి, ఆ వెనక తలపాగా తిన్న గేదె! కొంత దూరం పోయేసరికి గిన్నెలో ముగ్గు అయిపోయింది. కోడలి మీద కోపం కోపమే గానీ, ముగ్గు సగంలో ఆగితే ఏ ఇల్లాలి చెయ్యి ఊరుకుంటుంది? అత్తగారు గబగబా ఇంటికెళ్ళి కొంగునిండా బియ్యప్పిండి పట్టుకొచ్చింది.

గీత పక్కూరి చింతతోపుకు చేరింది. కొమ్మల మీద తేనెపట్లన్నీ నల్లగా మాడి ఉన్నాయి. పిందె ఎందుకు నిలవలేదు? ఈగ రాలేదు గనక. ఈగ ఎందుకు రాలేదు? పట్టుకు పొగ పెట్టారు గనక. పొగ ఎందుకు పెట్టారు? ఆ ఊరి మునసబుగారి ముక్కు మీద ఈగ కుట్టింది గనక. ఆ ముక్కు చూడాలర్రా, ఆ ఏడు ఆ చుట్టుపక్కల కాసిన గుమ్మడికాయ అదొక్కటే! ముక్కు మీదే ఎందుకు కుట్టింది? మీసాలకు గుప్పున అత్తరు పూశాడు గనక. అత్తరు ఎవరిచ్చారయ్యా అంటే, రాజుగారు బహుమతి ఇచ్చారన్నాడు మునసబు.

చిలకమ్మ ఆగిందా? దారిపొడుగునా ఆడవాళ్ళు తలో గిన్నె పిండి తెచ్చిపోస్తుంటే, మునసబునూ వెంటబెట్టుకుని గీత లాక్కుంటూ కోట దాటి, సభ దాటి, సింహాసనం చుట్టూ తిప్పి ముడి వేసింది.

"మహారాజా, తమరూ తీగలపాడులోనే ఉన్నారండీ!" అంది.

పిందె దగ్గర్నుంచి అత్తరు దాకా జరిగిందంతా చెప్పింది. రాజుగారు గీత చూశాడు, గేదెను చూశాడు, మునసబు ముక్కు చూశాడు. నవ్వి నవ్వి సింహాసనం మీంచి జారిపడ్డాడు. ఇకమీదట తేనెపట్టుకు పొగ పెట్టరాదని అక్కడే చాటించాడు. పండితులు తమ తాటాకులు చింపబోతే, అప్పటికే గేదె తినేసింది.

పేరిందేవమ్మ మాత్రం నవ్వలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, నువ్వొచ్చిన వేళ మంచిదేనే తల్లీ, నా చూపే పొట్టిది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పుట్టింటికి కట్టిన బండిలోనే ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది. మరుసటేడు ఈగలు తిరిగొచ్చాక కాసిన కాయలకు తీగలపాడు ఇళ్ళ కప్పులు వంగిపోయాయి! అప్పట్నించీ ఆవిడ ఏ ముగ్గు పెట్టినా తూర్పున ఒక గీత మూయకుండా వదిలేదిట. ఎందుకమ్మా అంటే, అటునుంచే కదే మన కాయలొచ్చేది అనేదిట.

అందుకే పిల్లలూ, ఇంట్లో ఏదైనా చెడితే ఎదురుగా ఉన్న మనిషి మీద పడకూడదు. గోడ అవతలికి ఓసారి తొంగి చూడాలి. ఇక కథను కంచి బండి ఎక్కించేశాను, మనం నిద్ర బండి ఎక్కుదాం. హైమా, మళ్ళీ దుప్పటి లాగావూ? సరే, చెల్లిని నీ పక్కకు జరుపుకో. అప్పుడిద్దరూ లోపలే ఉంటారు.