కొసరు తిన్న ఈల

ఒక ఊరి బజారులో ఒక ఈల ఉండేది. ఈల అన్నాక ఊదడానికి ఒక నోరు కావాలి కదా, అందుకని ఒక జవాను కూడా ఉండేవాడు.

బజారు పొడవునా రెండు పక్కలా సున్నంతో గీత గీసి ఉండేది. గీతకి అవతల దుకాణాలు, ఇవతల జనం నడిచే దారి. ఎవరి బుట్టయినా, బస్తా అయినా గీత దాటిందో, ఈల మోగాలి. జవాను పనల్లా అంతే. ఉద్యోగంలో చేరిన రోజున పై అధికారి ఆ ఈల చేతిలో పెట్టి, "ఇది సర్కారుది, జాగ్రత్త. ఇవాళ్టి నుంచి నీ నోరు కూడా సర్కారుదే," అన్నాడు. జవాను బూటు నేలకేసి కొట్టి సలాం చేశాడు. నోటి సంగతి మాత్రం అప్పుడు పెద్దగా చెవికెక్కించుకోలేదు.

మొదటి వారం ఆ ఈల మోత వినాలండీ! అది ఒక్క కూత కూస్తే బస్తాలు తమంతట తామే పొట్టలు లోపలికి లాక్కునేవి. టీకొట్టు ముందున్న బల్ల కాళ్ళు ముడుచుకునేది. జవాను మీసం ఆ కూతకి తగ్గట్టు కొంచెం పైకి లేచేది.

ఆ బజారుకి ఒక అలవాటుంది. ఏది కొన్నా కొసరు వెయ్యాల్సిందే. కిలో వంకాయలు తూచాక పైన ఒక బుల్లి వంకాయ పడాలి. ఆకుకూర కట్ట కొంటే ఒక కరివేపాకు రెమ్మ పెట్టాలి. తూకం దగ్గర నోరెత్తని వాళ్ళు కూడా కొసరు దగ్గర గొంతు చించుకునేవాళ్ళు.

రెండో వారం టీకొట్టాయన జవాను చేతిలో గ్లాసు పెట్టాడు. జవాను జేబులో చెయ్యి పెట్టబోయాడు.

"అబ్బే, కొసరండీ ఇది!"

"కొన్నదాని మీద కదయ్యా కొసరు వేసేది? నేనేం కొన్లేదే?"

"ముందు కొసరు పుచ్చుకోండి బాబూ. అసలు సంగతి నిదానంగా చూసుకుందాం."

జవాను మొహమాటస్తుడు. వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడని తాగేశాడు. 'గ్లాసెడు టీలో సర్కారు మునిగిపోతుందా ఏంటి?' అనుకున్నాడు. మునగలేదు. యాలకలు కూడా బాగా పడ్డాయి.

మర్నాడు బజ్జీలావిడ పిలిచింది. "అన్నయ్యా, ఉప్పు సరిపోయిందో లేదో ఒక్కటి నోట్లో వేసుకుని చెప్పు!" ఉప్పు సంగతి ఒక్క బజ్జీతో తేలలేదు. మూడు పట్టాయి. ఆ పై రోజు బెల్లం షావుకారు కొత్త బెల్లం వచ్చిందని అచ్చులోంచి ఇంత ముక్క విరిచి ఇచ్చాడు. "నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది జవాను గారూ, నమలక్కర్లేదు." నిజమే, నమలక్కర్లేకుండానే పోయింది.

అప్పట్నించీ ఈల గొంతు మారింది. టీకొట్టు దగ్గర ఊదితే సర్రుమని టీ జుర్రినట్టు మోగేది. బజ్జీల బండి దగ్గర చుయ్యిమనేది, నూనెలో పిండి జారినట్టు. బజారు జనం ఆ మోత విని, "ఇవాళ మిరపకాయ బజ్జీ తిన్నాడ్రోయ్" అని చెప్పేసుకునేవాళ్ళు. జవాను కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నలుగురికీ ఇష్టమైన జవానంటే మాటలా?

బెల్లం దుకాణం పక్కన మూరెడు సందులో ఆకుకూరల అవ్వ కూర్చునేది. ముందొక బుట్ట, ఆకుల మీద చిలకరించడానికి చెంబెడు నీళ్ళు. ఆ మూరెడు చోటు పోతే అవ్వకి ఇక బజారు లేదు. ఆవిడొక్కతే జవానుకి ఎప్పుడూ ఏమీ పెట్టలేదు.

ఒకరోజు జవానే ఆటపట్టించాడు. "ఏం అవ్వా, నీ దగ్గర నాకు కొసరు లేదా?"

"ఎందుకు లేదు నాయనా? తోటకూర కట్ట కొను, రెండు రెమ్మలు వేస్తా."

జవాను నవ్వి వెళ్ళిపోయాడు.

ఈలోగా బెల్లం బస్తాలు ఒళ్ళు చేశాయి. ముందు గీత మీద ఆనాయి. తర్వాత గీత దాటాయి. ఆ తర్వాత పక్కకి తిరిగి అవ్వ సందులో కాళ్ళు చాపాయి. అవ్వ జరిగింది, జరిగింది, ఒక పొద్దున జరగడానికి చోటు లేక బుట్టతో సహా గీత మీదకొచ్చి పడింది.

"నాయనా, ఒక్కసారి ఆ బస్తాలకేసి ఊదు. నా చోటు నాకిప్పించు."

జవాను ఛాతీ విరుచుకుని, షావుకారు వైపు తిరిగి, ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి కూడా రాలేదు. బుగ్గలు బూరెల్లా ఉబ్బేలా ఊదాడు. ఈల లోపల గలగలలాడే గింజ పాకంలో పడ్డట్టు అతుక్కుపోయింది. అప్పుడు ఈల కంతలోంచి ఒక చీమ తొంగిచూసింది. దాని వెనక ఇంకోటి. అలా ఓ ముప్పై చీమలు మీసం మీదుగా, చొక్కా గుండీల మీదుగా దిగి, సున్నపు గీత పట్టుకుని తిన్నగా నడిచిపోయాయి. ఆ వేళ ఆ బజారులో గీత దాటనివి అవే.

"గొంతు పట్టేసినట్టుంది జవాను గారూ," అన్నాడు షావుకారు ఆపేక్షగా. "ఇంకో ముక్క ఇవ్వనా?"

బజారంతా చూస్తోంది. జవానుకి తల కొట్టేసినట్టయింది. ఎటు చూడాలో తెలియక ఇటు తిరిగాడు. ఇటు అవ్వ బుట్ట ఉంది, గీత మీద. ఈల పాడైందో లేదో చూద్దామని ఆ బుట్ట వైపుకి ఊదాడు.

కుయ్యిమంది! మొదటి వారం మోగినట్టే, చెవులు గింగుర్లెత్తేలా మోగింది.

అవ్వకి కోపం రాలేదు. బోసినోటితో నవ్వింది.

"నీ ఈల భేషుగ్గా ఉంది నాయనా. నేనేం పెట్టలేదుగా మరి, నా దగ్గర దాని గొంతు పాడవ్వలేదు."

మర్నాడు జవాను తలొంచుకుని బజారుకొచ్చాడు. గీత మీద కూర్చున్న అవ్వ అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో లేత కరివేపాకు రెమ్మ పెట్టింది.

"ఇదేంటవ్వా? నేనింకా ఏం కొన్లేదే!"

"నువ్వు కొనక్కర్లేదు నాయనా," అంది అవ్వ. "కొంటున్నది నేను."

రెమ్మ చూస్తే వేలెడంతైనా లేదు. జవాను చేతికి మాత్రం బెల్లం బస్తా అంత బరువు తోచింది. రెమ్మని తిరిగి బుట్టలో పెట్టేశాడు. అవ్వ ముందు గొంతుక్కూర్చుని, మెడలోంచి ఈల తీసి, "నీళ్ళు కొంచెం వాడుకోనా అవ్వా?" అని అడిగి చెంబులో ముంచి జాడించాడు. ఎంత జాడించినా నీళ్ళు ఎర్రగా, తియ్యటి వాసనతో వస్తూనే ఉన్నాయి. చెంబు మూడుసార్లు నింపాల్సొచ్చింది. నాలుగోసారికి గింజ కదిలింది.

జవాను లేచి ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా ఊదనే లేదు, బెల్లం బస్తాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి జరిగాయి. టీకొట్టు బల్ల కాళ్ళు ముడుచుకుంది.

"నీ బుట్ట కూడా, అవ్వా. ఇంకో బెత్తెడు."

"అద్గదీ!" అని అవ్వ నవ్వుతూ బుట్ట సందులోకి లాక్కుంది.

కాసేపటికి నిన్నటి చీమలు వరసగా వచ్చాయి. బూటెక్కి, గుండీలెక్కి, ఈలని ఒకసారి వాసన చూశాయి. ఏమీ లేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాయి.

ఒక్క చీమ మాత్రం పోలేదు. గీత పక్కన నీడ చూసుకుని కూర్చుంది. దానికేం తొందర?