వెయ్యిన్నీ తొమ్మిది శిలలు

ఏడు సముద్రాలకు ఇవతల కంకణపురమని ఒక రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు ఉండేవారట. కాలకంటకుడనే మాంత్రికుణ్ణి చంపి వస్తానని పెద్దవాడు గుణధరుడు వెళ్లాడు. రాలేదు. అన్నను తెస్తానని రెండోవాడు బలధరుడు వెళ్లాడు. రాలేదు. ఇద్దరినీ తెస్తానని తల్లికి మాటిచ్చి చిన్నవాడు కీర్తిధరుడు ఓడెక్కాడు. తల్లి ఈసారి దీవించలేదు. రెండుసార్లు దీవించి చూసింది కదా.

ఏడు సముద్రాలూ దాటితే కొండ మీద మాంత్రికుడి కోట. ముంగిట్లో వెయ్యిన్నీ తొమ్మిది మంది శిలలై నిలబడి ఉన్నారు. గుమ్మానికి ఒక పంజరం, అందులో ముసలి చిలుక.

“వచ్చావా, మూడోవాడా!” అని నవ్వాడు మాంత్రికుడు. “నేనిక్కడ బంధించిన ప్రాణాలన్నీ సమానమైన వరుసల్లో నిలిస్తే అన్నిటికీ విడుదల. వరుసకి ఎందరో నువ్వు చెప్పు, శిలలు వాటంతటవే కదులుతాయి. ఒక్కటి మిగిలినా కుదరదు. అందరూ ఒకే వరుసన్నా, వరుసకొక్కరన్నా ఒప్పుకోను. పొద్దుగూకితే నువ్వూ శిలవే.”

అలా అని లోపలికి భోజనానికి పోయాడు.

“రెండు,” అన్నాడు కీర్తిధరుడు. శిలలు గరగరా కదిలాయి. ఒకటి మిగిలింది. “మూడు,” అన్నాడు. ఒకటి మిగిలింది. రెండుకి లొంగనిది నాలుగుకీ లొంగదని నాలుగు వదిలేసి “ఐదు,” అన్నాడు. నాలుగు మిగిలాయి. ఏడుకి మళ్లీ ఒకటే. ఆ ఒక్కటీ బలధరుడు. పెద్దన్న మాత్రం ఎక్కడా కనిపించలేదు.

“మా పెద్దన్న ఏడి, చిలకమ్మా?”

“లేడు నాయనా. కొత్త శిల చేరితే పాతదాన్నొకటి కొండ మీంచి తోసేస్తాడు. మీ రెండో అన్న చేరిన రోజున పెద్దవాణ్ణి తోశాడు. ముక్కలైపోయాడు. వీడి లెక్క పెరగకూడదు, తరగకూడదు.”

కీర్తిధరుడు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పదకొండు, పదమూడు, పదిహేడు అంటూ ముప్ఫయ్యొకటి దాకా వెళ్లి ఆగిపోయాడు.

“ఆగావేం? మీ అన్నలు రెండొందలు దాటారు.”

“అక్కర్లేదు. వరుసకి ముప్ఫయ్యొక్కరిని మించి నిలబెడితే, వరుసలే ముప్ఫయ్యొకటిని మించవు. వరుసకి ఎందరన్నా, ఎన్ని వరుసలన్నా లెక్క ఒకటే; అంతవరకూ చూసేశాను. ఈ సంఖ్య దేనికీ లొంగదు. అందుకే వాడు దీన్ని కాపాడుకుంటున్నాడు. ఇంకొక్క ప్రాణం చేరాలి. వాడి ప్రాణం ఎక్కడుంది?”

“నాలో. వాడే బంధించాడు.”

“అయితే నువ్వూ లెక్కలోకి వస్తావు. కాని ఆ ప్రాణం పోతే నువ్వు బతకవు.”

“మూడొందల ఏళ్లుగా ఈ పంజరంలో ఉన్నాను. తలుపు తియ్యి.”

చిలుకను తీసి శిలల పక్కన నిలబెట్టి, “వరుసకి నూటొక్కరు,” అన్నాడు. పది వరుసలు. ఎవరూ మిగల్లేదు.

లోపల కంచం కిందపడిన చప్పుడైంది. చిలుక పక్కకి ఒరిగిపోయింది. శిలలు దగ్గుతూ కళ్లు తెరిచాయి.

“అన్నయ్య ఏడిరా?” అన్నాడు బలధరుడు. తమ్ముడు తల వంచుకున్నాడు.

తర్వాత ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. రాజ్యం చాలాకాలం చల్లగానే సాగింది. కాని వాళ్లు తిరిగొచ్చిన రోజున, మేళతాళాల మధ్య, ఆఖరి మనిషి ఓడ దిగేదాకా తల్లి రేవులోనే నిలబడింది. దిగాక, ఆ ఖాళీ ఓడలోకి తానే ఎక్కి చూసొచ్చింది.