వసుగుప్తుడి చలిజ్వరం మందు

వెనకటికి, మబ్బులు కొండల భుజాల మీద కూర్చుని ఊళ్లను చూసే కాలంలో, నీలాద్రిపురమనే పట్టణం ఉండేది. ఆ పట్టణానికొక కట్టుబాటు. మందు అమ్మేవాడు దాన్ని నూరిన కల్వం మీద చేయి పెట్టి, అది ఏ జబ్బుకో నలుగురిలో చెప్పాలి. ఆ జబ్బుకే అమ్మాలి.

వసుగుప్తుడనే వర్తకుడు చలిజ్వరానికి మంచి కషాయం కాచాడు. కానీ చలిజ్వరం ఎప్పుడో గాని రాదాయె! జాడీలు కదల్లేదు. అందుకని కల్వం మీద చేయి పెట్టి, "తాగితే వయసు తగ్గుతుంది!" అన్నాడు. ముసలివాళ్లు తాగి మంచాన పడ్డారు. రాజు జరిమానా వేశాడు. వసుగుప్తుడు నవ్వుతూ కట్టేశాడు.

మళ్లీ అదే కల్వం, అదే చేయి. "పసిపిల్లలు హాయిగా నిద్రపోతారు!" అన్నాడు. పూలు కట్టి బతికే కమలిక నమ్మింది. ఉయ్యాలలోని నెలల కొడుకుకు పట్టింది. నిద్రపోయాడు. మరి లేవలేదు. రాజు మళ్లీ జరిమానా వేశాడు. వసుగుప్తుడు మళ్లీ కట్టేశాడు.

ఆ మరుసటేడు నిజంగానే చలిజ్వరం వచ్చింది. వీధి పొడుగునా మూలుగులే. కమలిక కూతురు, ఆరేళ్ల వేణి, ఎన్ని దుప్పట్లు కప్పినా గాలికి దీపంలా వణికిపోయింది.

వసుగుప్తుడు వీధిలో పడి గొంతు చించుకున్నాడు. "అమ్మల్లారా, ఈసారి నిజం! ఇది ఈ జ్వరానికే!"

"పోవయ్యా! నీ చేతి మంచినీళ్లు కూడా ముట్టం!" అంటూ పొరుగింటి చెంగమ్మ ధడాలున తలుపు వేసుకుంది. ఆమె ఇంట్లోనూ ఇద్దరు పిల్లలు వణుకుతున్నారు.

కమలిక గడపలోనే నిలబడిపోయింది. మందు పట్టిస్తే ఏమవుతుందో అని భయం. పట్టకపోతే ఏమవుతుందో అని భయం. లోపల కూతురి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"షావుకారూ, ఒక్కటి చెప్పు. ఇది ఎవరికి పట్టకూడదు?"

"అలాంటిదేం లేదు తల్లీ, అందరికీ మంచిదే!" అలవాటైన నోరు అలాగే పలికింది.

కమలిక గడప లోపలికి వెనక్కి తగ్గింది. ఆనాడు కొడుక్కి మందు కొన్నప్పుడు విన్నదీ ఈ మాటే! కూతుర్ని భుజాన వేసుకుని ముసలి రాజవైద్యుడి వాకిట్లోకి పరుగెత్తింది. అదే ప్రశ్న వేసింది.

"ఏడాది నిండని పిల్లలకు వద్దు. గర్భిణికి వద్దు. మిగతావాళ్లకు చలిజ్వరమైతేనే, ఒక్క ఉద్ధరిణి. చెవుల్లో హోరు పుట్టొచ్చు. పుడితే ఇంకో చుక్క ఇవ్వకు," అన్నాడాయన.

"పనిచేస్తుందా తాతా?"

"చేస్తుందమ్మా. ఇంత మంచి మందును అబద్ధాలతో ఎవరూ నమ్మకుండా చేశాడు, అదే నా ఏడుపు."

ఆయన పరీక్షించి చూడ్డానికి తెప్పించి ఉంచుకున్న వసుగుప్తుడి కషాయమే కూతురికి ఒక్క ఉద్ధరిణి పట్టింది.

"అమ్మా, చెవుల్లో హోరు!" అంది వేణి.

కమలిక ఉలిక్కిపడింది. కానీ ముసలాయన ముందే చెప్పాడుగా! ఇంకో చుక్క ఇవ్వలేదు. కూతురి చేయి పట్టుకుని కూర్చుంది. పొద్దు వాలేసరికి వేణి ఒళ్లంతా చెమట పట్టింది. "ఆకలే" అని కళ్లు తెరిచింది.

కమలిక పరుగున వెళ్లి చెంగమ్మ తలుపు తట్టింది. లోపలినుంచి ఏడుపు వినబడింది. ఇద్దరిలో ఒక్కడే మిగిలాడు. కమలిక వాడికి మందు పట్టించింది.

ఈసారి రాజు జరిమానా వేయలేదు. వసుగుప్తుడి అంగడి మూయించి, కషాయం కాచే పని వైద్యుడికి అప్పగించాడు. అయినా పాత భయం పోక, చాలా తలుపులు ఆ మందుకు ఆలస్యంగా తెరుచుకున్నాయి.

పిల్లలూ, అబద్ధాలతో మందు అమ్మినవాడు నిజం చెప్పిన రోజున కూడా ప్రాణాలు తీస్తాడు. మంచి ఒక్కటే చెప్పేవాణ్ణి కాదు, చెడునూ దాచకుండా చెప్పేవాణ్ణి నమ్మాలి.