దైవజ్ఞుడి తాళపత్రాలు, రాజుగారి ఉప్పు

సర్వధారి నామ సంవత్సరం, వైశాఖ బహుళ దశమి, బుధవారం. మధ్యాహ్నం తిరిగి మూడు గడియలైంది. ఒకానొక సముద్రపుటొడ్డు రాజ్యంలో, రోహిణి కార్తె ఎండకు కాకి కూడా నోరు విప్పని ఆ వేళ, గవరయ్య ఇంట్లో ఇంత గంజన్నం తిని కోటకు బయల్దేరాడు.

గవరయ్య రాజుగారి అడపం పట్టేవాడు. అంటే ఆకువక్కల పెట్టె పట్టుకుని సింహాసనం పక్కనే నిలబడి, చెయ్యి చాచినప్పుడల్లా తాంబూలం చిలక చుట్టి అందించేవాడు. కొలువులో అంతకన్నా చిన్న ఉద్యోగం లేదు, రాజు చెవికి అంతకన్నా దగ్గరి ఉద్యోగమూ లేదు.

అతని ఇంటివాళ్లు ఉప్పు పండించేవాళ్లు. ఏడాది కష్టమంతా మళ్ల గట్ల మీద తెల్లటి కుప్పలై నిలిచి ఉంది. ఏటా ఆ రోజులకి కుప్పల మీద తాటాకు కప్పేస్తారు. ఒక్క గాలివాన చాలు, ఏడాది తిండి నీళ్లపాలు కావడానికి. ఆ ఏడు మాత్రం కప్పడానికి లేదు. రాజాజ్ఞ.

ఆ రాజుగారి పేరు మహీమండల మార్తాండ విక్రమనాయక మహారాజు. కోట బురుజెక్కితే రాజ్యం రెండు కొసలూ కనబడేవి గాని, పేరు కొస మాత్రం కనబడేది కాదు. శనివారం నాడు ఆయన కొత్త వియ్యంకుడు వస్తున్నాడు. వియ్యంకుడి కళ్లు చెదిరేలా ఉప్పు కుప్పలు వెండికొండల్లా మెరవాలని ఆయన ముచ్చట. వాన మాటేమిటని ఆస్థాన దైవజ్ఞుడు భుజంగశేఖరుణ్ణి అడిగితే, ఆ మహానుభావుడు రాజు ముఖం ఒకసారి, పంచాంగం ఒకసారి చూసి, అమావాస్య దాటేదాకా చుక్క పడదని చెప్పేశాడు. పంచాంగంలో తప్పు లేదు. దాన్ని పక్కన పెట్టి ముఖం చూసి చెప్పడంలోనే ఉంది తప్పంతా. కుప్ప మీద తాటాకు వేసినవాడి మడి కోటకు జప్తు అని వెంటనే దండోరా వేశారు.

గవరయ్య గడప దాటుతుంటే తల్లి సూరమ్మ ఆపింది.

"ఉప్పు కుండ చెమర్చింది నాయనా. గాలి బిగిసిపోయింది. దేవుడు చెప్పవలసింది చెబుతూనే ఉన్నాడు, రాజుకే వినబడటం లేదు. నువ్వు ఆయన చెవి పక్కనే కదా నిలబడేది."

దారిలో దైవజ్ఞుడి ఇల్లు. మేడ మీద ఆయన ఇల్లాలు వడియాల చాపలు గబగబా చుట్టేస్తోంది. ఇంకా పచ్చిగానే ఉన్నాయి కదమ్మా అని గవరయ్య కింద నుంచి పలకరించాడు. సాయంత్రానికి గాలివాన అట, తీసేయమని ఆయనే చెప్పి వెళ్లారు నాయనా అందా పిచ్చితల్లి.

గవరయ్యకు ఒళ్లు మండింది. తెలియక చెప్పినవాడైతే తెలియజెప్పవచ్చు. ఇతను తెలిసి తన వడియాలు దాచుకుని, ఊరి ఉప్పును ఆకాశం కింద వదిలేశాడు. ఆ మాటే సభలో పెడితే సరిపోను. కానీ ఆ ఇల్లాలికి ఇంట్లో నిలువ నీడ లేకుండా పోతుంది. అందుకని గవరయ్య ఇంకో దారి ఆలోచించుకుంటూ నడిచాడు.

కొలువులో రాజుగారు వియ్యంకుడికి ఏమేమి చూపించాలా అని ఉబ్బిపోతూ కూర్చున్నాడు. గవరయ్య చిలక అందిస్తూ మెల్లగా అన్నాడు:

"ప్రభూ, ఉప్పు వియ్యంకులవారి ఒడ్డునా ఉంది. ఆకాశానికి గడువు పెట్టగల దైవజ్ఞుడే వారికి లేడు. చూపించవలసింది ఈయన్ని కదా."

దైవజ్ఞుడు శాలువా సర్దుకున్నాడు. రాజు, ఎలా చూపిద్దామన్నాడు. గవరయ్య చెప్పాడు. దైవజ్ఞులవారింట తాతముత్తాతల నాటి తాళపత్ర గ్రంథాలు అరవై కట్టలున్నాయి. ఏటా వేసవిలో వాటికి ఎండ చూపించడం ఉన్నదే. ఈసారి ఆ కట్టలు విప్పి, ఉప్పు కుప్పల నడుమ చాపల మీద పరిచి, శనివారం దాకా రేయింబవళ్లు అలాగే ఉంచుదాం. చుక్క పడదన్న శాస్త్రం ఆ ఆకాశం కిందే పడుకుని ఉంటే వియ్యంకులవారికి నోట మాట రాదు.

రాజుకు ఒళ్లు పులకరించింది. అప్పటికప్పుడు నాలుగు బండ్లు కట్టమన్నాడు.

దైవజ్ఞుడి శాలువా జారింది. పూర్వుల గ్రంథాలు గడప దాటరాదన్నాడు. ఉగాదికి కోటకు వస్తూనే ఉన్నాయిగా అన్నాడు రాజు. దుమ్ము పడుతుందన్నాడు. ఉప్పుమడిలో దుమ్మెక్కడిదని మంత్రే అడిగాడు. చివరికి మంచు కురిస్తే అన్నాడు. రోహిణి కార్తెలో మంచేమిటని సభ అంతా మీసాల చాటున నవ్వుకుంది. బయట ఎద్దుల మెడల్లో గంటలు కదిలాయి. ఆ గ్రంథాలకు మరో ప్రతి ఎక్కడా లేదు.

"పోనీ, పైన నాలుగు తాటాకులైనా కప్పించండి ప్రభూ" అన్నాడు దైవజ్ఞుడు.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "ఉప్పు మీద వేయకూడని ఆకు మీ పుస్తకాల మీద ఎందుకండీ, దైవజ్ఞులవారూ?"

రాజు ముందుకు వంగాడు. "ఏమయ్యా, వాన వస్తుందా, రాదా?"

"రావచ్చు."

"గట్టిగా చెప్పు."

"వస్తుంది ప్రభూ. ఈ సాయంత్రమే."

రాజుకు కోపం వచ్చింది. ఊరి ఉప్పు పోబోయినందుకు కాదు, తన దండోరా పరువు పోయినందుకు. ఆ కోపం గవరయ్య వైపే తిరిగింది.

"ఆయనతో పాటు నన్ను కూడా ఆడించావట్రా?"

"అంతటివాణ్ణా ప్రభూ. ఊరి ఉప్పు బయట ఉన్నంతసేపు ఆకాశం మీ ఆజ్ఞ వింది. ఆయన పుస్తకాలు బయటికి రాబోయేసరికి అది ఎవరి ఆజ్ఞా వినదని తేలింది. నేను చిలక చుట్టి ఇచ్చానంతే."

పడమట ఎక్కడో ఉరిమింది. రాజు గవరయ్యను చూశాడు, నీరుగారిన దైవజ్ఞుణ్ణి చూశాడు. ముందు మీసం కదిలింది, తరవాత పొట్ట కదిలింది, ఆ వెనక సింహాసనమే కదిలేలా నవ్వాడు. కట్టిన బండ్లలో పుస్తకాలకు బదులు తాటాకు వేయించి మళ్లకు తోలించాడు. గవరయ్య చేతికి తన కంకణం తొడిగాడు. ఇక మీదట తన రాజ్యంలో వాన సంగతి చెప్పేవాడు ముందు తన సొత్తు ఏదైనా ఆరుబయట పెట్టి, ఆ తరవాతే నోరు విప్పాలని కొత్త దండోరా వేయించాడు.

పొద్దు గుంకే వేళకు గాలి లేచింది. తాటిచెట్లు నేలకు వంగాయి, వడగళ్లు పడ్డాయి. అప్పటికి అన్ని కుప్పలకూ ఆకు కప్పి, తాళ్లు బిగించి ఉన్నాయి. భుజంగశేఖరుడు మాత్రం గొడుగు తెస్తే మాటకు తక్కువని తేలేదు కనుక, కోట నుంచి ఇంటిదాకా నిలువునా తడిసి వెళ్లాడు. ఎవరూ గొడుగు పట్టలేదు.

మర్నాడు తెల్లవారి సూరమ్మ దీపం పెట్టుకుంది. గవరయ్య, అతని అన్న గట్లు తెగ్గొట్టి మళ్లలో నిలిచిన వాననీరు సముద్రంలోకి వదిలారు. రాత్రి చూరు కారి ఇంటింటా బొంతలు, బట్టలు అన్నీ తడిశాయి. సూరమ్మ గట్టు మీద నిలబడి ఆకాశాన్ని ఎంతోసేపు చూసింది. పక్కింటామె వచ్చి, ఇవాళ ఎలా ఉంటుందంటావు వదినా అని అడిగింది.

సూరమ్మ లోపలికి వెళ్లి, తనకున్న ఒక్కగానొక్క పట్టుచీర, పెళ్లినాటిది, తెచ్చి గట్టు మీద నిడివిగా ఆరేసింది. పక్కింటామె మరో మాట అడగకుండా తన బొంతలు తేవడానికి పరుగెత్తింది.